వచనం వంతు వచ్చేసరికి...

సండే స్కూల్లో వంతులవారీగా వచనాలు చదివించే అలవాటు మనందరికీ తెలిసిందే. పిల్లలు వరుసగా కూర్చుంటారు. ఉపాధ్యాయుడు అధ్యాయం చెబుతాడు. మొదటి పిల్లవాడు మొదటి వచనం, రెండో పిల్లవాడు రెండో వచనం, అలా చివరిదాకా. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందరిచేతా దేవుని వాక్యం పలికిస్తున్నామని ఉపాధ్యాయుడికీ తృప్తిగా ఉంటుంది. కాని ఆ వరుసలో ఎక్కడో కూర్చున్న ఒక పిల్లవాడు తనకంటే ముందు చదివినవాళ్ల వచనాల్లో ఒక్కటీ వినడు. తన వంతుకు ఏ వచనం వస్తుందో వేళ్లమీద లెక్కపెట్టుకుని, దాన్నే లోలోపల కూడబలుక్కుంటూ ఉంటాడు. అరచేతుల్లో చెమటలు పడుతుంటాయి. మధ్యలో ఎవరైనా హుషారుగా రెండు వచనాలు చదివేస్తే వాడి లెక్క మొత్తం తప్పిపోతుంది. అప్పుడిక వాడికి మిగిలేది చిటికెన వేలు చూపించి బయటికి పరుగెత్తడమే.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూలు నడిపిస్తున్నా నా కంటికి ఇది కనబడలేదు. ఆ వరుసలో కూర్చున్నవాడే పెరిగి పెద్దవాడై, మొన్న వచ్చి చెబితే తెలిసింది. ఆ రోజు పాఠం చెప్పింది నేనే.

అది డిసెంబరు నెల. క్రిస్మస్ దగ్గర పడుతోందని మత్తయి సువార్త మొదటి అధ్యాయం తీయించాను. ఆ అధ్యాయం ఎలా మొదలవుతుందో బైబిలు చదివేవారికి చెప్పనక్కర్లేదు. అమ్మీనాదాబు, నయస్సోను, యెహోషాపాతు, షయల్తీయేలు, జెరుబ్బాబెలు... పాస్టర్లు కూడా గొంతు సవరించుకుని మొదలుపెట్టే పేర్లు. పదకొండేళ్ల ఆ పిల్లవాడి వంతుకు నాలుగో వచనం వచ్చింది. 'అమ్మీ' దగ్గర ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను మందలించాల్సింది నవ్వినవాళ్లను. దానికి బదులు వాడివైపు చూసి, "ఇంట్లో ఎప్పుడైనా బైబిలు తెరిస్తే కదా!" అన్నాను. ఆ తర్వాతి ఆదివారం వాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. క్రిస్మస్ హడావుడిలో నేను పట్టించుకోలేదు.

ఇప్పుడతడు మా ఊళ్లోనే ఎలక్ట్రీషియన్. పెళ్లయ్యాక భార్యతో కలిసి మళ్లీ మందిరానికి రావడం మొదలుపెట్టాడు. మందిరంలో మైకులు, ఫ్యాన్లు, డిసెంబరులో పైన వేలాడే నక్షత్రం అన్నీ అతడి చేతిపనే. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్లిందో కాగితం చూడకుండా చెబుతాడు. ఆరాధనలో మాత్రం చివరి బెంచీయే, తలుపు పక్కన. మొన్న తన ఎనిమిదేళ్ల కొడుకును సండే స్కూల్లో చేర్చడానికి తీసుకొచ్చాడు. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, "మాస్టారూ, మీరేమీ అనుకోకపోతే ఒక్క మాట. మావాడిచేత పైకి చదివించకండి. వాడికీ నాలాగే" అన్నాడు.

కొడుకు చదివే బడిలో టీచరమ్మ అనుమానపడి పరీక్ష చేయించమన్నదట. సైకాలజిస్టు పిల్లవాణ్ణి రెండు మూడు రోజులు కూర్చోబెట్టి పరీక్షించి, డిస్లెక్సియా అని చెప్పిందట. "ఆవిడ వాడి గురించి ఒక్కొక్కటే చెబుతుంటే నా చిన్నతనం చెబుతున్నట్టే ఉంది మాస్టారూ. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. నాకు ముప్పై తొమ్మిదేళ్లు. నేను మొద్దును కానని ఆ రోజే తెలిసింది" అన్నాడు.

2007 డిసెంబరులో ఆమిర్ ఖాన్ సినిమా 'తారే జమీన్ పర్' వచ్చాక ఈ మాట మన ఇళ్లలో చాలామంది చెవిన పడింది. కాని సంగతి చాలా పాతది. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు, పెర్సీ అనే 14 ఏళ్ల బాలుడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. చురుకైన పిల్లవాడు. లెక్కలు చక్కగా చేస్తాడు. కంటిచూపులో లోపం లేదు. ఏళ్ల తరబడి చదువు చెప్పించారు. అయినా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. పేరు రాయమంటే తన పేరులోని అక్షరాలనే తారుమారు చేశాడు. పాఠాలన్నీ నోటితోనే చెప్పేటట్టయితే బడి మొత్తంలో వీడే తెలివైనవాడవుతాడని వాడి ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడట. సుమారు 130 ఏళ్ల కిందట ఒక మాస్టారికి తట్టిన మాట ఈ మాస్టారికి తట్టలేదు.

మాట్లాడటం పిల్లలకు వింటూ వింటూ వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. చెవికి తెలిసిన ధ్వనిని కంటికి కనబడే అక్షరంతో ముడివేయడం మెదడు పనిగట్టుకుని నేర్చుకోవాలి. ఈ పిల్లల్లో ఆ ముడి ఆలస్యంగా, ఎంతో ప్రయాసతో పడుతుంది. ఇది కంటి జబ్బు కాదు, తెలివి తక్కువతనం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. తరచూ కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుంది. నూటికి 5 నుంచి 10 మందిలో ఎంతో కొంత ఉంటుందని ఒక అంచనా. ఆ లెక్కన 40 మంది పిల్లలున్న సండే స్కూల్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లెవరో మనకు తెలియదంటే, తెలియకుండా ఉండటానికి వాళ్లెంత కష్టపడుతున్నారో ఆలోచించాలి.

తెలుగు రాసినట్టే చదివే భాష కదా, ఇంగ్లిషులాంటి మెలికలు లేవు కదా, మనకీ బాధ ఉండదని కొందరంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఉంటుంది, కాకపోతే దాని వేషం వేరు. ఇక్కడ తప్పు చదవడం కంటే నత్తనడకన చదవడం ఎక్కువగా కనబడుతుంది. థ, ధ ఒక్క చుక్క తేడాలో ఉంటాయి. ప, వ, ష ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పైన గుడి, కొమ్ము, ఏత్వం. కింద వత్తు. ఒక్కో అక్షరాన్నీ విప్పుకుంటూ మాట చివరికి చేరేసరికి మొదట ఏమున్నదో మరిచిపోతారు. ఇక మన బైబిలు సంగతి చూడండి. సన్నటి అక్షరాలు, పేజీకి రెండు వరుసలు, వాక్యం మధ్యలో అంకెలు, గ్రాంథిక భాష, ఆపైన హెబ్రీ పేర్లు. చదవడం బాగా వచ్చినవారికే అది పరీక్ష. ఇంట్లో ఉన్నవాటిలో చదవడానికి అన్నిటికంటే కష్టమైన పుస్తకాన్ని చేతికిచ్చి, అందరి ముందు నిలబెట్టి, పైకి చదవమంటున్నాం.

చదవలేకపోవడం ఒక కష్టం. దానిచుట్టూ పేరుకునే బాధ దానికంటే పెద్దది. ఆదివారం ఉదయమే కడుపునొప్పి వచ్చే పిల్లలున్నారు. అది దొంగనొప్పి కాదు, నిజంగానే నొప్పి పుడుతుంది. సండే స్కూల్లో కావాలని అల్లరి చేసి బయటికి పంపించుకునేవారున్నారు. అల్లరివాడన్న పేరు మొద్దన్న పేరుకంటే నయం కదా. చెల్లెలు గడగడా చదువుతుంటే ఆ పుస్తకం లాక్కుని చించేసిన అన్నలున్నారు. తల్లుల బాధ మరో రకం. రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చోబెట్టి చదివిస్తారు. నిన్న వచ్చిన మాట ఇవాళ రాదు. పొగరని, నిర్లక్ష్యమని చెయ్యి చేసుకుంటారు. వాడు నిద్రపోయాక ఆ చెంపలే నిమురుతూ ఏడుస్తారు. పెద్దయ్యాక ఇక దాచుకోవడమే పని. కళ్లజోడు మరిచిపోయానంటారు, గొంతు బాగోలేదంటారు, బ్యాంకులో ఫారం నింపడానికి చేతికి కట్టు కట్టుకుని వెళ్తారు. మా ఎలక్ట్రీషియన్ను సంఘ కమిటీలోకి రమ్మని రెండుసార్లు అడిగాం. రెండుసార్లూ పనుల ఒత్తిడి అన్నాడు. మినిట్స్ చదవాల్సి వస్తుందేమోనని భయమట.

బడిలో జరిగే అవమానం బడితో పోతుందనుకుందాం. మందిరంలో జరిగేది అలా పోదు. అక్కడ పిల్లవాడి చేతిలో ఉన్నది మామూలు పాఠ్యపుస్తకం కాదు, దేవుని పుస్తకం. అది తన కళ్లముందు విప్పుకోవడం లేదంటే దేవుడే తనకు తలుపు వేశాడని వాడి చిన్న మనసు అనుకుంటుంది. అతడు నాతో చెప్పిన ఒక మాట ఇన్ని రోజులుగా నన్ను వదలడం లేదు. "పరలోకంలో జీవగ్రంథం ఉంటుందని చెప్పేవారు కదా మాస్టారూ. అక్కడ కూడా వరుసలో నిలబెట్టి చదివిస్తారేమో అనుకునేవాణ్ణి. నా వంతు వస్తుంది, నేను ఆగిపోతాను, వెనక్కి పంపేస్తారు. చాలా రాత్రులు ఆ భయంతో నిద్రపట్టేది కాదు." పరలోకం గురించి పిల్లలకు ఎన్నో పాఠాలు చెప్పాను. వాటిలోంచి ఒక పిల్లవాడు ఇంటికి తీసుకువెళ్లింది ఇది.

అతడి తల్లి పాపం ఊరుకోలేదు. ఎవరో చెబితే ఉపవాస ప్రార్థనలకు తీసుకువెళ్లింది. అక్కడ తలమీద చెయ్యిపెట్టి, వీడిలో మూగ ఆత్మ ఉందని, వాక్యం వాడి నోట పలకనివ్వడం లేదని గద్దించారట. మూడు శుక్రవారాలు. నాలుగో శుక్రవారం పిల్లవాడు రానని ఏడిస్తే, చూశావా, లోపలున్నదే రానివ్వడం లేదన్నారట. ప్రార్థన వద్దనేంత అవిశ్వాసిని కాను. పిల్లల కోసం మోకాళ్లూనని రోజు మనకెందుకు? కాని చదవడం రాని పిల్లవాణ్ణి దయ్యం పట్టినవాణ్ణి చేయడం ప్రార్థన కాదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాడి పాపమూ కాదు, కన్నవారి పాపమూ కాదని ప్రభువు తేల్చిచెప్పాడు (యోహాను 9:3). ఇన్నేళ్లయినా మనం ఆ శిష్యుల ప్రశ్న దగ్గరే నిలబడి ఉన్నాం.

చదువుకు మన సంఘాల్లో ఇంత ఘనత ఊరికే రాలేదు. 1522లో లూథరు కొత్త నిబంధనను జర్మన్ ప్రజల భాషలో అచ్చువేయించినప్పటినుంచి, బైబిలును ప్రతి విశ్వాసి చేతిలో పెట్టడమే ప్రొటెస్టంట్ల పట్టుదల. తెలుగునాట మిషనరీలు మందిరం కట్టినచోటల్లా పక్కన బడి పెట్టారు. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని కులాల పిల్లలకు ఆ బడి అక్షరం ఇచ్చింది. మనలో ఎన్నో కుటుంబాల కథ అదే. తాత పాలేరు, నాన్న మిషన్ బడి మాస్టారు, మనం ఉద్యోగులం. అందుకే మన ఇళ్లలో చదువు అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, తల ఎత్తుకుని నడిచే హక్కు. అలాంటి ఇంట్లో చదవలేని పిల్లవాడు పుడితే ఆ తండ్రి పడే కంగారు నాకు అర్థమవుతుంది. ఎంతో కష్టపడి ఎక్కిన మెట్టు కొడుకు దగ్గర జారిపోతున్నట్టు ఉంటుంది. ఆ భయమే చాలాసార్లు బెత్తమై వాడి ఒంటిమీద పడుతుంది.

కాని ఆ తాతల సంగతి మరోసారి చూడండి. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరవు కాలంలో, ఊరిచివర గుడిసెల్లోంచి వచ్చినవారు. వారిలో అక్షరం ముక్క వచ్చినవారు బహు కొద్దిమంది. మరి వారి విశ్వాసం ఏ పుస్తకంలోంచి వచ్చింది? ఎవరో చెబితే విన్నారు, ఎవరో పాడితే పాడారు. మా నాయనమ్మకు చదువు రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో వందకు పైగా చరణాలతో సహా వచ్చేవి. కొండమీది ప్రసంగం మొదటినుంచి చివరిదాకా చెప్పేది. పాస్టరుగారు ఎక్కడైనా ఒక మాట వదిలేస్తే ముందు బెంచీలోంచి అందించేది. ఆమెను అవిశ్వాసి అన్నవారెవరూ లేరు. చదువు రానివారి చేతులమీద పెరిగిన సంఘం ఇవాళ చదవలేని పిల్లవాణ్ణి చూసి నవ్వుతోంది.

అసలు బైబిలే ఈ విషయంలో మనకంటే ఉదారంగా ఉంటుంది. విశ్వాసానికి దారి చెవి అని పౌలు రోమా సంఘానికి చెప్పాడు (రోమా 10:17). ఆ పత్రికను తన చేత్తో రాసింది కూడా పౌలు కాదు, చెబుతుంటే తెర్తియు రాశాడు (16:22). యిర్మీయా చెబుతుంటే బారూకు రాశాడు (యిర్మీయా 36:4). నెహెమ్యా కాలంలో ప్రజలంతా ఒక్కచోట నిలబడితే ఎజ్రా, లేవీయులు చదివి, అర్థం విప్పి చెప్పారు, విన్నవారు ఏడ్చారు (నెహెమ్యా 8). ఆ రోజు ఎవరి వంతూ రాలేదు. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవారికి ఒక ధన్యత చెప్పి, అదే వాక్యంలో వినేవారికీ అదే ధన్యత చెప్పారు (1:3). అచ్చుయంత్రం లేని కాలంలో విశ్వాసులకు వాక్యం ఎక్కువగా వినడం వల్లే అందేది.

మోషే సంగతి మరీ విశేషం. తనకు మాట సాగదని, నోరు బరువని మొరపెట్టుకున్నాడు (నిర్గమకాండము 4:10). మోషేకు డిస్లెక్సియా ఉందని నేననడం లేదు. అలాంటి వ్యాఖ్యానాలు చేసేవారున్నారు, అది వాక్యానికి న్యాయం కాదు. నేను చూసేది దేవుడు చేసిన ఏర్పాటును. ఎర్ర సముద్రాన్ని చీల్చబోయే దేవుడికి ఒక నాలుక సరిచేయడం పెద్ద పనా? సరిచేసినట్టు అక్కడ లేదు. అన్నను తోడిచ్చాడు. నువ్వు చెప్పు, అతడు నీ తరఫున మాట్లాడతాడన్నాడు. మోషే నాయకత్వానికి దానివల్ల ఏ తక్కువా రాలేదు. ఇవాళ పరీక్ష హాల్లో పిల్లవాడు చెబుతుంటే రాసిపెట్టే సహాయకుణ్ణి చూసి కాపీ అని మూతి విరిచేవారు అహరోనును ఏమంటారో నాకు తెలియదు.

ఆ సహాయకుణ్ణి ఇవ్వమని ఇప్పుడు చట్టమే చెబుతోంది. 1995నాటి వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ఊసు లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, వాటిలో చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ప్రత్యేక అభ్యసన లోపాలను చేర్చింది. ఇలాంటి పిల్లలను వీలైనంత తొందరగా గుర్తించి తగిన పద్ధతిలో బోధించాలని, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి కల్పించాలని అందులో ఉంది. ఆ పత్రం తెచ్చుకోవడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. పిల్లవాడిమీద ముద్ర పడుతుందని భయం. ముద్ర ఎప్పుడో పడింది, మొద్దని. దానికంటే ఇది నిజమైన పేరు. ముందు కళ్లు, చెవులు చూపించండి. అవి బాగున్నాయంటే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్లండి. ఒకటి రెండు తరగతుల్లో గుర్తిస్తే ఎంతో మేలు. పదో తరగతిలో తెలిసినా మేలే. ముప్పై తొమ్మిదేళ్లకు తెలిసినా ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఏడ్చి తేలికపడ్డాడు కదా.

దీనికి మందు లేదు, నేర్పే పద్ధతి ఉంది. ధ్వని వెంట ధ్వని, అక్షరం వెంట అక్షరం, తొందరలేకుండా, ఒక వరుసలో నేర్పుతారు. కళ్లతో చూస్తూ, నోటితో పలుకుతూ, వేలితో రాస్తూ. మన పాత వీధిబడుల్లో ఇసుక పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని, పైకి అనిపిస్తూ దిద్దించేవారు గుర్తుందా? ఇప్పుడు నిపుణులు చెప్పేదానికి అది చాలా దగ్గర. మనమే దాన్ని మోటని వదిలేసి మూడేళ్ల పిల్లల చేతికి ఇంగ్లిషు వర్క్‌బుక్కులు ఇచ్చాం.

ఇలాంటి పిల్లల తల్లిదండ్రులను ఓదార్చడానికి మన ప్రసంగీకులు వెంటనే ఐన్‌స్టీన్‌ను, ఎడిసన్‌ను తెస్తారు. వారికి ఈ సమస్య ఉన్నట్టు గట్టి రుజువు లేదు. ఉన్నా అది ఓదార్పు కాదు. చదవలేని పిల్లవాడు మనలో ఒకడు కావాలంటే శాస్త్రవేత్త అయి చూపించాలా? ఫ్యాన్లు బాగుచేసేవాడైతే చాలదా? అతణ్ణి సంఘం ప్రేమించడానికి అతడు చేసిన ఫ్యాన్లు కూడా కారణం కానక్కర్లేదు.

ఇలా అంటే, మరి చదివించడం మానేద్దామా, ఇవాళ ఒకడు రాదంటే రేపు అందరూ రాదంటారు, క్రమశిక్షణ ఏం కావాలని మా సండే స్కూలు టీచర్లలోనే ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను చదివించడం మానలేదు. ఎవరు చదువుతారని అడుగుతున్నాను. చేతులెత్తిన వాళ్లు చదువుతారు. ఒకవేళ అందరూ చదవాలనుకుంటే ఎవరికి ఏ వచనమో వారం ముందే ఇస్తున్నాను. చదవలేనివాడు ఇంట్లో ఫోనులో విని వస్తాడు. తెలుగు బైబిలు చదివి వినిపించే ఆప్‌లు డబ్బు కట్టకుండానే దొరుకుతున్నాయి. బైబిలు తెచ్చుకోని పిల్లలను లేపి నిలబెట్టే అలవాటు తీసేశాం. వాక్యం వెదికే పోటీలో ముందు దొరికినవాడికే బహుమతి ఇచ్చేవాళ్లం. దానితోపాటు కథ చెప్పేవారికి, బొమ్మ వేసేవారికి కూడా ఇస్తున్నాం. కంఠత వాక్యం కాగితంమీద రాసి చూపించనక్కర్లేదు, చెబితే చాలు. వీటిలో ఏదీ క్రమశిక్షణను చెడగొట్టలేదు. అయినా ఏశావు తొందరపెడితే యాకోబు ఏమన్నాడో చూడండి. పిల్లలు లేతవాళ్లు, నువ్వు ముందు వెళ్లు, నేను వాళ్లు నడవగలిగినంత మెల్లగా వస్తానన్నాడు (ఆదికాండము 33:13,14). అప్పటికి అతడే కుంటుతున్నాడు. మెల్లగా నడవడమంటే ఏమిటో అతడికి తెలుసు.

పెద్దల విషయంలో కూడా ఇంత జాగ్రత్త ఉండాలి. గృహ కూడికల్లో ఉన్నట్టుండి ఒకరి చేతిలో బైబిలు పెట్టి చదవమనడం మన మర్యాదల్లో ఒకటి. గౌరవించామని మనం అనుకుంటాం. ఆ ఇంటికి వాళ్లు మళ్లీ రాకపోతే, ఏం ఇబ్బందో అనుకుని వదిలేస్తాం. బాప్తిస్మానికో నిర్ధారణకో సిద్ధపడేవారిని పాఠాలు చదివి అప్పగించమనే పాస్టర్లు, వారిలో ఒకరు రెండోసారి రాలేదంటే ఇంటికి వెళ్లి ఒంటరిగా అడగడం మంచిది. విశ్వాసం సన్నగిల్లిందని సంఘంలో ప్రకటించే ముందు.

ఇక ఆ రోజు సంగతి. అతడు కొడుకు గురించి చెప్పడం పూర్తయ్యాక నేను ఆ డిసెంబరు మాటకు క్షమాపణ అడిగాను. "అయ్యో, అదేంటి మాస్టారూ" అన్నాడు. ఫరవాలేదని మాత్రం అనలేదు. అనాలని నేను ఎదురుచూడటం కూడా తప్పే. జీవగ్రంథం గురించి మాత్రం ఇరవై ఎనిమిదేళ్లు ఆలస్యంగా ఆ పాఠం సరిదిద్దాను. అందులో పేర్లు రాసి ఉంటాయి నాయనా, వాటిని చదివేది మనం కాదు, ఆయనే, అని. కాసేపు తల వంచుకుని, "ఆ మాట మావాడికి మీరే చెప్పండి. నేను చెబితే ఏడుపొస్తుంది" అన్నాడు.

పిల్లవాడు ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. చదువుతానని ఇంతవరకూ చెయ్యి ఎత్తలేదు. మొన్నటి పాఠం, కపెర్నహూములో నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు రోగి కథ (మార్కు 2). పాఠం అయ్యాక కథ మళ్లీ ఎవరు చెబుతారని అడిగితే లేచాడు. గుంపు సంగతి, పైకప్పు ఊడదీసిన సంగతి, పరుపు కిందికి దించిన సంగతి ఒక్కటీ వదలకుండా చెప్పాడు. చెప్పి కూర్చోబోతూ ఆగి, "మాస్టారూ, మంచం దించడానికి తాళ్లు కావాలి కదా. వాళ్లు ముందే తెచ్చుకున్నారా, పైకి ఎక్కాక ఎవరినైనా అడిగి తీసుకున్నారా?" అన్నాడు. ఎలక్ట్రీషియన్ కొడుకు కదా. ముప్పై ఏళ్లుగా ఆ కథ చెబుతున్నాను, నాకెప్పుడూ ఆ ప్రశ్న రాలేదు. వచ్చేవారం అందరం ఆలోచించుకుని రావాలని చెప్పి పంపించాను.